నోటీసుకో తలుపు

"ఇంటర్నెట్టులో అమ్మినా, అరుగు మీద పెట్టి అమ్మినా పన్ను పన్నే. నా ప్రాణం ఉండగా ఈ రాష్ట్రంలో ఏ ఆన్‌లైన్ వ్యాపారీ పన్ను ఎగ్గొట్టి బతకలేడు" అని పన్నుల మంత్రిగారు మా వీధి వ్యాపారుల సభలో ప్రకటించారు. ప్రాణం మాట ఎత్తినప్పుడు ఆయన కుడిచెయ్యి గుండె మీద, ఎడంచెయ్యి మైకు మీద ఉన్నాయి. ఇలాంటివి నేను గమనిస్తాను. నాది ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు. మంత్రిగారి ప్రతి శంకుస్థాపనకూ అద్దం బిగించింది నేనే. ఆ భవనాలు కొన్ని ఇప్పటికీ నా ఫ్రేముల్లోనే చెక్కుచెదరకుండా ఉన్నాయి.

సభలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు మా అక్క మొగుడు. నా షాపుకి ఎదురుగా ఆయనది తలుపుల షాపు. జనం వస్తారు, తలుపు మీద వేళ్ళతో కొట్టి చూస్తారు, ఏ కర్రో అడుగుతారు, ఇంటికి పిలిచి కొలతలు తీయిస్తారు. ఆ కొలతలతోనే ఫోన్లో ఆర్డరిస్తారు, అక్కడ పన్ను ఉండదు కనక. వానాకాలంలో ఆ తలుపు ఉబ్బి మూసుకోకపోతే మళ్ళీ మా బావనే పిలుస్తారు. ఆయన వెళ్ళి చిత్రిక పట్టి వస్తాడు. ఇది చాలదన్నట్టు, ఎవరింట్లోనైనా మనుషులు లేకపోతే వాళ్ళ పార్సిళ్ళు కూడా డెలివరీ అతను బావ షాపులోనే దించి పోతాడు.

"మన పొట్ట కొట్టేవాడి సరుక్కి మనమే కాపలానా?" అనేది అక్క.

"ఇరుగూ పొరుగూను. కాదంటే ఏం బాగుంటుందే" అనేవాడు బావ.

ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే షాపు ఎత్తెయ్యక తప్పదని ఆయన నాతో అన్నాడు. కాబట్టి ఆ చప్పట్లలో అర్థముంది.

మర్నాడు వ్యాపారులందరం మంత్రిగారి వెంట పన్నుల ఆఫీసుకి వెళ్ళాం. తలుపులమ్మే ఆన్‌లైన్ కంపెనీ పేరున రాసిన నోటీసుని కమిషనర్ గారు తీసి చూపించారు. చక్కటి నోటీసు. ముద్ర కూడా వంకర లేకుండా పడింది.

"మరి ఆలస్యం దేనికి?" అన్నారు మంత్రిగారు.

"చట్టప్రకారం నోటీసుని వ్యాపారి తలుపుకి అతికించాలి సార్. ఈ కంపెనీకి మన రాష్ట్రంలో తలుపు లేదు."

"ఈమెయిల్ పంపకూడదాండీ?" అన్నాడు బావ, చదువుకున్న పాపానికి.

"పంపితే చేరుతుంది. చేరినంత మాత్రాన ఇచ్చినట్టవుతుందా?"

అలాగని శాఖ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆఫీసు కంప్యూటర్లో కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, తెర మీదే నోటీసు అతికించి చూశారు. తెర ఆఫీసుది కనక శాఖ తనకు తానే నోటీసు ఇచ్చుకున్నట్టయిందని న్యాయశాఖ కొట్టేసింది. తెరకి జిగురు ఇంకా వదల్లేదు. శాఖ పట్టుదల అలాంటిది.

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నారని పక్కనున్నాయన మాకు చెప్పాడు.

"తలుపు లేకపోతే మనమే పెడదాం. ఈ ఆవరణలో కంపెనీ పేరుతో ఒక తలుపు నిలబెట్టి దానికి అతికించండి."

"గోడ సార్?"

"చట్టంలో గోడ అని ఉందా?"

"తలుపు అనే ఉంది సార్."

"మరి దుబారా దేనికి?"

మేమంతా లేచి నిలబడ్డాం. ప్రజల సొమ్ము మీద ఇంత ప్రేమ నేనెక్కడా చూడలేదు.

బావ ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలిపోయాడు. రాష్ట్రమంతటికీ ఒకటే తలుపు, అదీ సర్కారు తలుపు, ఊళ్ళో మంచి తలుపు తన దగ్గరే ఉంది. లాభం వదులుకుని కొటేషన్ ఇచ్చాడు. ఆర్డరు మాత్రం ఆన్‌లైన్ కంపెనీకి వెళ్ళింది.

"ఎవరి ధర తక్కువైతే వాళ్ళ దగ్గరే కొనాలి, అది రూలు" అన్నారు కమిషనర్ గారు. "నీ ధరలో పన్ను కలిసింది. వాళ్ళకి పన్ను లేదు."

"వాళ్ళకి పన్ను వెయ్యడానికే కదండీ ఈ తలుపు?"

"అదే నేనూ చెప్పేది. పన్ను పడ్డాక నీ ధరే తక్కువవుతుంది. ఈ ఒక్కసారికి ఓపిక పట్టు."

బావ ఓపిక పట్టాడు. అందులో ఆయన్ని మించినవాడు లేడు.

సర్కారు తలుపు ఆదివారం దిగింది. ఆఫీసుకి తాళం. డెలివరీ అతను అలవాటు ప్రకారం బావ షాపులో దించి, బావ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. బావ దాన్ని తడి తగలకుండా గోడకి ఆనించి, పైన గుడ్డ కప్పాడు.

సోమవారం పొద్దున్నే మంత్రిగారు, కమిషనర్ గారు, విలేఖరులు, ఒక జిగురు బకెట్టు, అందరూ తలుపు తీసుకెళ్ళడానికి వచ్చారు. కమిషనర్ గారు గుడ్డ తీసి, పెట్టె మీదున్న కంపెనీ పేరు చూసి ఆగిపోయారు.

"ఇది ఎవరి సరుకు?"

"ఆన్‌లైన్ కంపెనీదండి. నిన్న మీకోసమే..."

"ఇంతకు ముందు కూడా వాళ్ళ సరుకు ఇక్కడ ఉంచావా?"

"వీధిలో అందరివీ ఉంచుతానండి. ఎప్పట్నుంచో."

కమిషనర్ గారి ముఖం వెలిగిపోయింది. "సార్, వ్యాపారి సరుకు ఎక్కడ నిలవ ఉంటే అదే వ్యాపారి కార్యాలయం. చట్టంలో స్పష్టంగా ఉంది."

"తలుపు ఉందా?" అన్నారు మంత్రిగారు.

"షాపు నిండా తలుపులే సార్."

బావ చేతులు జోడించాడు. "అయ్యా, అది మీరు తెప్పించిన తలుపే."

"అవును. అందుకే సాక్ష్యానికి తిరుగులేదు" అన్నారు కమిషనర్ గారు.

అక్క ముందుకొచ్చింది. "ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, వాడెవడో ఎగ్గొట్టిన పన్ను మేమెందుకు కట్టాలండీ?"

మంత్రిగారు ఆడవాళ్ళతో ఎంతో మృదువుగా మాట్లాడతారు. "కట్టొద్దమ్మా. కట్టేదాకా షాపు తెరవొద్దు, అంతే."

నోటీసుని ఆయనే స్వయంగా షాపు గుమ్మం తలుపుకి అతికించారు. తర్వాత సీలు వేశారు. మా అక్క కొంగుతో ముఖం కప్పుకుంది. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

మర్నాడు పేపర్లో అదే ఫొటో. ముందు మంత్రిగారు, వెనక చేతులు జోడించి మా బావ. కింద 'ఎట్టకేలకు చిక్కిన ఆన్‌లైన్ వ్యాపారి' అని రాశారు. పని తీరింది కనక సర్కారు తలుపుని వాపసు పంపేశారు. కంపెనీ మారు మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చింది. ఆ విషయంలో వాళ్ళు చాలా మర్యాదస్తులు.

బావకి ఇప్పుడు పనికి కరువు లేదు. తలుపుంటేనే కదా నోటీసు అని మందుల షాపాయన తలుపు విప్పించి పరదా కట్టుకున్నాడు. టైలరు గోనెపట్టా కట్టుకున్నాడు. వీధిలో ఎవరు పిలిచినా బావ సంచి తగిలించుకుని వెళ్ళి తలుపు విప్పి వస్తున్నాడు. అంతకు ముందు ఆ తలుపులు బిగించిందీ ఆయనే.

నేను మాత్రం విప్పించలేదు. మంత్రిగారి మనిషిని, నాకేం భయం. ఆ ఫొటోకి పెద్ద ఫ్రేము కావాలని ఆయన పీఏ ఫోన్ చేసి ధర అడిగాడు. చెప్పాను.

"పన్నుతో కలిపా?" అన్నాడు.

"కలిపేనండి."

"సరే, చూసి చెప్తా" అని పెట్టేశాడు.

ఆదివారం నేను అద్దాలు తుడుచుకుంటూ ఉంటే డెలివరీ అతను బల్లపరుపు పెట్టె ఒకటి మోసుకొచ్చాడు.

"మంత్రిగారి ఆఫీసు మూసి ఉందండీ. ఫ్రేమట. మీరైతే జాగ్రత్తగా చూస్తారని..."

నేను నోరు తెరిచేలోగా పెట్టెని నా గోడకి ఆనించి, బండెక్కి మలుపు తిరిగిపోయాడు.

"బావా" అని కేకేశాను.

బావ వచ్చాడు. పెట్టెని చూశాడు, నా ముఖం చూశాడు. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, గుమ్మం దగ్గర కూర్చుని, నా తలుపుకి కింది బందు విప్పడం మొదలుపెట్టాడు.