తొండం చేపల బంధుత్వ నిర్ధారణ

ఎదుటి మనిషి ఇంటిపేరు చెప్పీ చెప్పకముందే కులగోత్రాలు తేల్చేసే దేశం మనది. అలాంటి దేశంలో రెండు చేపల జాతి తేలకుండా ఉండిపోవడం ఎంత అప్రతిష్ఠ! అందుకే విదేశీ చేపల బంధుత్వ నిర్ధారణ విభాగం పుట్టింది. పుట్టీ పుట్టగానే దాని చూపు చోడవరంలో అచ్చియ్యమ్మ అక్వేరియం కొట్టు మీద పడింది.

ఆ కొట్టులో ముందు తొట్టిలో రెండు ఆఫ్రికా చేపలున్నాయి. మూతి ఏనుగు తొండంలా ఉంటుంది. ఒంట్లోంచి సన్నగా కరెంటు వదులుతూ బురదనీళ్లలో కూడా ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. (ఫ్యాను తిరిగేంత కరెంటు కాదు, విద్యుత్ శాఖవారు కంగారు పడనక్కర్లేదు.) వేలెడు పిల్లలప్పటి నుంచి పెంచి, బాలు, ఝాన్సీ అని పేర్లు పెట్టుకుంది అచ్చియ్యమ్మ. పొద్దున్నే ఆమె నీళ్లలో వేలు పెడితే రెండూ వచ్చి తొండాలతో తడుముతాయి. ఆ కాసేపూ ఆమెకు మోకాళ్ల నొప్పులు గుర్తుండవు.

నిబంధన మాత్రం స్పష్టం. ఒకే జాతైతే ఒకే తొట్టిలో ఉండొచ్చు. వేర్వేరు జాతులైతే ఒకదాన్ని ప్రభుత్వం పట్టుకుపోతుంది.

విభాగం అధికారి ఉమామహేష్ జీపు దిగి, భూతద్దంతో తొట్టిలోకి చూశాడు. రంగు ఒకటే, తొండం ఒకటే, తోక ఒకటే.

"అచ్చుగుద్దినట్టున్నాయమ్మా. అక్కడే నాకు డౌటు," అన్నాడు.

అచ్చియ్యమ్మ మాడుగుల హల్వా పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని కళ్లు మూశాడు. "ఇది రోడ్డుమీద కొట్టుది కాదు, లోపలి సందులోది. నెయ్యి సెప్పేస్తంది."

"అలాగే ఈటి సంగతీ సెప్పెయ్యండి బాబూ."

"హల్వాకి ప్రొసీజరు లేదమ్మా, అందుకే తెలిసిపోయింది. సేపలకుంది."

నిజానికి ఈ చేపల్లో దగ్గరి జాతులు కంటికి ఒకేలా ఉన్నా, వదిలే కరెంటు తీరు జాతికొక రకం. నీళ్లలో రెండు తీగలు పెట్టి మిషన్లో చూస్తే తేడా అక్కడికక్కడే కనబడుతుంది. మిషను జీపులోనే ఉందని ఆయనే చెప్పాడు.

"అయితే పెట్టి సూడండి!"

"అది రెండో దశ. ముందు మొదటి దశలో పొలుసులు లెక్కెట్టాలి. సేప కదలకూడదు. అందుకని స్పిరిట్లో ముంచుతాం." (నియమావళిలో దీన్ని 'చేప సహకారం' అన్నారు.)

"సచ్చిపోవా బాబూ?"

"అది మూడో దశలో సూస్తామమ్మా."

అచ్చియ్యమ్మ తొట్టికి అడ్డంగా నిలబడిపోయింది. "ఏరే ఏరే జాతులనే రాసుకోండి. ఒకదాన్నట్టుకుపోండి. పేణాల్తో ఉంటే సాలు, నానేటీ అడగను."

ఉమామహేష్ నిజంగానే నొచ్చుకున్నాడు. "పరీక్ష సెయ్యకుండా ఎలా రాస్తానమ్మా? అబద్ధమైపోదూ?"

రెండు చేపలతో జీపు కదులుతుంటే ఆమె వెనకాల పరిగెత్తి, అవి దాక్కునే కుండపెంకు కూడా ఇచ్చి పంపింది.

ఫలితం, చేపలున్న స్పిరిట్ సీసాతో సహా ఇంటికే వచ్చింది. మొదటి దశలో పొలుసులు సరిసమానం, అనుమానం తీరలేదు. రెండో దశలో స్పిరిట్లో తీగలు పెట్టగా మిషను చక్కగా పనిచేసింది. రెండు చేపల కరెంటూ ఒకే తీరు, గీత గీసినట్టు తిన్నగా ఉంది. కనుక రెండూ ఒకే జాతి. వాటిని ఒకే తొట్టిలో నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు, ఎవరూ విడదీయరాదు.

కింద షరతు ఒక్కటే: ఇకపై చేపల ఆరోగ్యానికి పూర్తి బాధ్యత యజమానురాలిదే.