పెట్టే చెయ్యి

బాలల భద్రత మీద విచారణ జరిగినప్పుడు, హైదరాబాదు నుంచి దిగిన నిపుణుడి నోరు మూయించిన మొనగాణ్ణి నేనే. నల్లగొండ జిల్లాలో ఇప్పటికీ నేను ఎదురొస్తే నిపుణులు రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తారు.

ఎనభై తొమ్మిది నాటి సంగతి. అప్పటికి ఏలినవారు కొత్త చట్టం తెచ్చి పిల్లల జైళ్లను రద్దు చేశారు. అంటే పాత బోర్డును వెనక్కి తిప్పి ‘బాలల సదనం’ అని రాయించారు. సంస్కరణలో సగం ఆ రోజే పూర్తయింది. మిగతా సగాన్ని సూపరింటెండెంటు ధర్మయ్య గారి చేతిలో పెట్టారు. చాలా పెద్ద చెయ్యి.

ఆ సదనంలోకి ఆజం అనే పన్నెండేళ్ల పిల్లవాడు చేరాడు. ఆలేరు స్టేషన్లో గాజులమ్మే ఇక్బాల్ బీ కొడుకు. టికెట్టు లేకుండా రైలెక్కబోతూ దొరికితే, దిక్కులేని బాలుడని నిర్ధారించి తీసుకుపోయారు. తల్లి గాజుల మలారం నెత్తిన పెట్టుకొని ప్లాట్‌ఫారం పొడుగునా వెంట ఉరికింది. అయినా దిక్కు అనేది కాగితం మీద ఉండాలి గాని, వెంట ఉరికితే చెల్లదు కదా.

తర్వాత చూడబోయిన ఇక్బాల్ బీకి కొడుకు మొహం గుమ్మడికాయలా కనిపించింది. ఆమె వెళ్లని ఆఫీసు లేదు. చివరికి రిటైరు జడ్జి రఘుపతి గారిని విచారణకు వేశారు. తేలవలసింది ఒకటే: సదనం భద్రమైతే ఆజం మీసాలొచ్చేదాకా అక్కడే ఉంటాడు, కాకపోతే తల్లి వెంట ఇంటికి పోతాడు. ఇరుగు పొరుగు వాళ్లం కనుక ఆమెకు ధైర్యంగా నేను వెళ్లాను.

నిపుణుడి పేరు డాక్టర్ శేషశయనం. ఉద్యోగం హైదరాబాదులో గాని, సముద్రం పక్క మనిషి. ఆయన డాక్టరేటు మేకల కొట్టాల మీద అని గిట్టనివాళ్లంటారు. నేను అనను. సదనమంతా తిరిగి ఆయన ఇచ్చిన సాక్ష్యం వినితీరాలి.

“గోడలు పూర్తిగా భద్రం. ఇంతవరకు ఏ పిల్లవాడి వల్లా వాటికి హాని జరగలేదు. కిటికీ కడ్డీల సందులో బలిసిన మేకపిల్ల కూడా దూరదు. బెత్తాలను పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. ఈ ముందుచూపు ప్రశంసనీయం.”

ఆ తర్వాత ఆయన పిల్లలతో స్వయంగా మాట్లాడిన వైనం చదివారు. మాట్లాడేటప్పుడు ధర్మయ్య గారు పిల్లల వెనకాలే, ఆజం మెడ మీద ఆప్యాయంగా చెయ్యి వేసి నిలబడ్డారట. అందుకని పిల్లలు అబద్ధమూ చెప్పలేదు, నిజమూ బయటపెట్టలేదు.

“బాగా తింటున్నావా బాబూ?”

“తింటున్న సార్. పొద్దుమాపు తింటున్న.”

“కడుపు నిండా?”

“ఒళ్లు నిండ సార్.”

“ఎవరు పెడతారు?”

“మా సారే పెడ్తడు. వద్దని ఏడ్చినా ఇంకో నాలుగు పెడ్తడు.”

ఇది చదువుతూ డాక్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. ఈ ప్రాంతంలో కడుపును ఒళ్లు అంటారని జడ్జి గారికి వివరించారు. “కన్నతల్లి కూడా వద్దన్నాక పెట్టదు! అతిపోషణ వల్ల పిల్లవాడి చెంపలు, భుజాలు ఉబ్బి ఉన్నాయి. ఆరోగ్యం దృష్ట్యా ఒక పూట తిండి తగ్గించాలని నా సిఫారసు.”

వాపును చూసి బలుపనుకోవద్దని మా ఊరి బళ్లో రెండో తరగతిలోనే చెప్పారు. పెద్ద చదువుల్లో ఆ పాఠం తీసేసినట్టున్నారు.

“కాకా, జర నువ్వన్న చెప్పరాదు!” అని ఇక్బాల్ బీ నన్ను పొడిచింది. ఇప్పుడు నేను లేచి గర్జించానని చెప్పాలి. కాని నా నోట్లో అప్పుడే వేసుకున్న పాన్ ఉంది, ఉమ్మడానికి జాగా లేదు. ఆమే లేచింది.

“సాబ్, నా కొడుకు తిన్నది బువ్వ గాదు, దెబ్బలు!”

“తల్లుల మాట సాక్ష్యం కాదమ్మా,” అన్నారు డాక్టరు గారు. “నిపుణుడంటే ఆ విషయంలో అనుభవం ఉన్నవాడు.”

“గట్లయితే మా ఆజంను మించిన నిపుణుడు గీ హాల్ల ఎవడున్నడు సాబ్? నీకేమన్న ఎవడన్న పెట్టిండా?”

శేషశయనం గారి నోరు మూతపడింది. మూయించింది నేను కాకపోయినా, ఆమెను వెంటబెట్టుకొచ్చింది నేనే గదా.

ధర్మయ్య గారి పక్కన నిలబెట్టిన ఆజంను జడ్జి గారు దగ్గరికి పిలిచి, తల నిమిరి అడిగారు: “ఏం తిన్నవు బిడ్డా?”

“పొద్దుగాల బెల్టు సార్. మాపటికి బెత్తం. నడుమ జర గంజి.”

జడ్జి గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. విషయం చాలా తీవ్రమైనదని, అందుచేత నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని సెలవిచ్చారు. నిపుణుడు అక్కడే ఉన్నారు కనుక వెంటనే అభిప్రాయం ఇచ్చారు. సదనం భద్రమని తేలింది. ఆజం ఉండిపోయాడు. సిఫారసు ప్రకారం ఒక పూట తిండి తగ్గించారు. రెండో పూటను ధర్మయ్య గారు సొంత ఉత్సాహంతో తగ్గించారు.

వానలు పడేసరికి ఆజం ఎంత చిక్కాడంటే, ఒకనాడు కిటికీ కడ్డీల మధ్య నుంచి దారంలా జారి, నడిచి ఆలేరు చేరాడు. వెతకడానికి ఎవరూ రాలేదు. పారిపోయాడంటే సదనం భద్రం కాదని ఒప్పుకున్నట్టే కదా! హాజరు పిలిచినప్పుడు వాడి వంతుకు ధర్మయ్య గారే సన్నని గొంతుతో “ఉన్న సార్” అనేవారట.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. కడ్డీల్లోంచి జారడమని మీరంటారు. కాదు. ఆలేరు వెళ్లి ఆజంను అడగండి, పక్కటెముకల మీద గీతలు చూపిస్తాడు. పోనీ మేకల డాక్టరంటారా? అదీ కాదు. ఆయన ఇంకా రెండు జిల్లాలకు నిపుణుడయ్యాడు. నేను కల్పించింది జడ్జి గారు ఆజంను పిలిచి అడగడం. ఆ రోజు ఆయన అడిగింది బంట్రోతును, భోజనాలు వచ్చాయా అని.

మీరు ఆ ముక్కను ఎంత సులువుగా నమ్మారో! ఎవరో ఒక పెద్దమనిషి అడిగే ఉంటాడనుకుంటేనే గదా మనకు నిద్ర పడుతుంది.