గొంగళ్లకు వెనక గేటు

ఆ ఆదివారం పొద్దున అంజయ్య అనుకున్నది చిన్న పని. మోతె నుంచి మొదటి బస్సెక్కి సూర్యాపేట చేరడం, ఫంక్షన్ హాల్లో చెల్లెలు ఆండాలును ముందు వరుసలో కూర్చోబెట్టడం. మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి అక్షింతలు ఇంటి ఆడబిడ్డే వేయాలి. ఆ ఆడబిడ్డేమో మూడేళ్లుగా అన్న గడప తొక్కలేదు. అంజయ్య కొడుకు నగేష్ పెళ్లిలో, భోజనాల దగ్గర ఎవడో ఆమెను చూసి, "పనోళ్లకు తర్వాత పెడ్తం, పక్కకు నిలబడు" అన్నాడు. అన్నవాడి మీద ఆమెకు కోపం లేదు. పక్కనే ఉండి నోరు మెదపని అన్న మీదే కోపం. అంజయ్యకు కూడా తన మీద తనకు అదే కోపం. ఆమె ఊరు మునగాలకు నాలుగుసార్లు తిరిగి, బతిమాలి బామాలి, ఎలాగో ఒప్పించాడు.

మధ్యలో ఈ థీమ్ వచ్చి పడింది. కోడలు దీపది కోదాడ, సూర్యాపేటలో ఆఫీసు ఉద్యోగం. నెల కిందటే చెప్పింది.

"మామయ్యా, ఫంక్షన్‌కి పల్లెటూరు థీమ్ పెట్టాం. మీవాళ్లకి కూడా చెప్పండి."

"థీమ్ అంటే ఏందమ్మా?"

"అన్నీ ఒక్కదాని మీదే ఉంటాయి మామయ్యా. డెకరేషన్, భోజనం, బట్టలు, అన్నీ. మనది పల్లెటూరు కాబట్టి అందరూ పల్లెటూరి వాళ్లలా తయారై రావాలి."

గొర్రెల వెంట తిరుగుతూ అంజయ్య రెండు రోజులు ఆలోచించాడు. పల్లెటూళ్లో ఉన్నవాళ్లను పల్లెటూరి వాళ్లలా తయారై రమ్మని ఏ నోటితో చెప్పడం? అందులోనూ ఆండాలుకు? చివరికి థీమ్ మాట మింగేసి, తన వాళ్లందరికీ ఒకటే ముక్క చెప్పాడు. "జర మంచిగ తయారై రాండ్రి. ఉన్నయాట్ల మంచియి ఏస్కోండ్రి."

హాలుకు వెళ్లేసరికి డెకరేషన్ జితేందర్ ఒక గడ్డి గుడిసె, ఒక బండి చక్రం, ఆరు స్పాంజి గొర్రెలు సర్ది ఉంచాడు. గొర్రెలను చూసి అంజయ్యకు ప్రాణం ఉసూరుమంది.

"గీ మూతి ఏంది? కుక్క మూతి లెక్కున్నది."

"ఫొటోల తెల్వదు పెద్దాయనా."

తరతరాలుగా గొర్రెలు కాసిన ఇంటి ఫంక్షన్లో స్పాంజి గొర్రెలు ఉండటం అంజయ్య భరించలేకపోయాడు. ఊళ్లో ట్రాలీ ఆటో నడిపే గేమ్యాకు ఫోన్ చేసి, దొడ్లోంచి నాలుగు అసలు గొర్రెలను పట్టుకురమ్మన్నాడు. ఆ తర్వాత గేటు దగ్గరున్న సూపర్‌వైజర్ బిక్షంకు జాగ్రత్తలు చెప్పాడు.

"సూడు బిక్షం, మంచి బట్టలతోని వచ్చేటోళ్లు నా వాళ్లు. ముందల సోఫాల్ల కూసోబెట్టు. ఒక్కర్ని గూడ నిలబెట్టొద్దు. గొర్లతోని వచ్చేటోళ్లను వెనక గేటుకు పంపు."

బిక్షం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అదే కొంప ముంచింది.

పదిన్నరకు మోతె, మునగాల చుట్టాలు దిగారు. అంజయ్య మేనల్లుడు మల్సూర్ పెళ్లినాటి కోటు వేసుకున్నాడు. ఆండాలు మిరపపండు రంగు పట్టుచీరలో వచ్చింది. అందరూ సోఫాల్లో కూర్చున్నారు. వాళ్ల వెనకే దీప ఆఫీసు వాళ్లు పంచెలు, తలపాగాలు, చేతికర్రలు, గొంగళ్లతో దిగారు. సరిగ్గా అప్పుడే గేమ్యా ట్రాలీ వచ్చి ఆగింది. గొంగళ్లు, కర్రలు, పక్కనే గొర్రెలు. బిక్షంకు అనుమానమే కలగలేదు. అందరినీ కలిపి వెనక గేటుకు తోలాడు. వాళ్లలో పెద్ద ఆఫీసరు ప్రవీణ్ చేతికి ఒక గొర్రె తాడు కూడా ఇచ్చాడు.

"జర గట్టిగ పట్టుకో. కేకు దిక్కు ఉరికితే నా మీదికొస్తది."

ప్రవీణ్ తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

పదకొండయినా ప్రవీణ్ సార్ జాడ లేకపోయేసరికి దీప ఫోన్ చేసింది. "నేను వెనకున్ననమ్మా. గొర్రెను పట్టుకున్న" అన్నాడు సార్. దీప బండి చక్రం మీద కూలబడింది. అది మనిషి బరువు ఆగదని జితేందర్ గుర్తుచేశాడు.

సంగతి విని అంజయ్య వెనక్కి పరుగెత్తేలోపే, చేతులు కడుక్కోవడానికి వెళ్లిన ఆండాలు ఆ దృశ్యం చూసింది. లోపల భోజనాల వాసన, బయట తాడు పట్టుకుని నిలబడ్డ గొంగడి మనిషి. తాడు లాక్కుని, వెనక గుమ్మం పక్కనున్న గుడిసె గుంజకు కట్టింది. అతని చెయ్యి పట్టుకుని హాలు మధ్యలోంచి నడిపించుకొచ్చి, తన సోఫాలో కూర్చోబెట్టింది.

"అన్నా, అప్పుడు నన్ను నిలబెట్టినవ్, సరే, చెల్లెను గనుక పడ్డ. గీ తమ్ముడేం జేసిండు? గొర్లు కాసేటోడు కూసోవద్దా? మరి నువ్వేం కాస్తున్నవ్?"

హాలంతా చెవులు రిక్కించింది. గొర్రె గుడిసెను రెండడుగులు లాగింది కానీ ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఆఫీసరని ఒక్క మాట అంటే అంజయ్య బయటపడేవాడు. అనలేదు.

"తప్పు నాదే చెల్లే. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే" అన్నాడు, అందరూ వినేటట్టు.

మూడేళ్లుగా ఆండాలు ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఈలోగా దీప మిగతా ఆఫీసు వాళ్లను లోపలికి పిలుచుకుని వచ్చి, "అత్తయ్యా, ఆయన మా సార్. థీమ్ కోసం అలా వచ్చారు" అంది. ఆండాలు గొంగడి అంచు వేళ్లతో నలిపి చూసింది.

"గిది థీమ్‌ది గాదు. ఎన్నో ఏండ్లు కప్పుకున్నది."

"మా నాయినదమ్మా" అన్నాడు ప్రవీణ్. "మాది వేములపల్లి దిక్కు. గొర్లు కాసే ఇల్లని ఆఫీసుల ఎవ్వరికీ చెప్పలే. ఇయ్యాలైతే అందరూ ఏస్కుంటరు గద, ఎవ్వరూ అడగరని తెచ్చుకున్న."

"మరి ఆఫీసర్‌నని గేటు కాడ చెప్పకపోతివి?"

"మా నాయిన గిట్ల ఎన్ని గేట్లకాడ నిలబడ్డడో అనిపిచ్చింది. నోరు రాలే."

ఆండాలు పాపను ఒళ్లోకి తీసుకుని మొదటి అక్షింతలు వేసింది. చేతిలో మిగిలినవి ప్రవీణ్ తల మీద వేసి, భోజనానికి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. వడ్డించేవాడి పక్కన అంజయ్య చివరిదాకా కాపలా నిలబడ్డాడు.

సాయంత్రం దీప తేల్చి చెప్పింది. "వచ్చే ఏడు ఏ థీమూ వద్దు మామయ్యా. ఎవరి బట్టల్లో వాళ్లు వస్తే చాలు."

స్పాంజి గొర్రెలను కట్టకడుతున్న జితేందర్ తల తిప్పకుండా, ఆ థీమ్ కూడా తన దగ్గర ఉందన్నాడు.