గద్ద ఎత్తుకెళ్లిన ముప్ఫైనాలుగు మార్కులు

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకంలో ఎక్కడా గద్ద లేదు. తొమ్మిదికి టిఫిను, పదికి ఇస్త్రీ చొక్కా, పదకొండుకు ప్రిన్సిపాల్ గదిలో లాయరు నోరు మూయించడం, ఒంటిగంటకు ఇంటికొచ్చి కునుకు తీయడం. అంతే.

లాయరుగారి అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో ముప్ఫైనాలుగు వచ్చాయి. పాసవడానికి ముప్ఫైఅయిదు కావాలి. "ఒక్క మార్కుతో తప్పించారంటే ఇది కక్షే! రేపు పేపరు నా కళ్లముందు పెట్టండి. లేదంటే పైవాళ్లకి రాస్తాను" అని ఆయన ముందురోజు ఫోనులో విరుచుకుపడ్డాడు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో మచ్చన్నది లేదు. వచ్చే నెలలో రిటైరవుతున్నారు. ఇప్పుడా మచ్చ?

నిజానికి ఆ పిల్ల తెచ్చుకున్నవి ముప్ఫైఆరు. రెండు మార్కులు మాస్టారు కోసేశారు. కారణం ఆయన ఎర్ర అట్ట పుస్తకంలో ఉంది. పిల్లలు చెప్పే సాకులన్నిటికీ వరుస అంకెలు వేసి రాసుకునే ఆ పుస్తకానికి అబద్ధాల రిజిస్టరని పేరు. ప్రతి శుక్రవారం స్టాఫ్‌రూములో అందులోంచి చదివి అందర్నీ నవ్విస్తారు. నాలుగువందల పదిహేడో అబద్ధం లాయరుగారి అమ్మాయిది: "హోంవర్కు గ్రాఫు కాగితాన్ని మా డాబా మీంచి గద్ద ఎత్తుకెళ్లింది." పక్కనే ఎర్ర సిరాతో, "రుజువు లేదు. పరీక్షలో రెండు మార్కుల కోత." ఎవరేం చెప్పినా "రుజువేది?" అనడం ఆయనకు అలవాటు. అందుకే పిల్లలు చాటుగా రుజువు మాస్టారంటారు.

టిఫిను కాగానే పేపరు ముందేసుకుని, లాయరుకు చెప్పబోయే నాలుగు మాటలూ వల్లె వేశారు. "అబద్ధం అబద్ధమే, లాయరుగారూ!" అని బల్ల మీద ఒక్క గుద్దు గుద్దారు. మంచినీళ్ల గ్లాసు ఒరిగింది. పేపరు తడిసి ముద్దయింది.

"ఎదురుగా ఎవరూ లేకపోయినా పోట్లాడతారేంటండీ?" అంది భార్య.

"గ్లాసు ఇక్కడెందుకు పెట్టావ్?"

"మీరు అడిగితే పెట్టాను."

మాస్టారు పేపరును డాబా మీదికి తీసుకెళ్లి, బట్టల తీగ మీద ఆరేసి, ఒక క్లిప్పు పెట్టారు. రెండో క్లిప్పు కోసం వంగారు. నెత్తి మీద ఏదో నీడ కదిలింది. రెక్కల చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే క్లిప్పు ఒక్కటే తీగ మీద ఊగుతోంది. తెల్లని పేపరు గద్ద కాళ్ల మధ్య రెపరెపలాడుతూ పక్కింటి నీలగిరి చెట్టు చిటారుకొమ్మల్లోని గూట్లోకి పోయింది.

"పట్టపగలు! నా డాబా మీద! నా కళ్లముందు!" మాస్టారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఆవేశంగా కిందికి దిగి, వంటింట్లోంచి స్టీలు గిన్నె తీసి నెత్తిన బోర్లించుకుని, తడిగుడ్డ కర్ర పట్టుకుని మళ్లీ పైకెక్కారు. పిట్టగోడ మీంచి వంగి కర్ర చాచారు. గూటికి ఇంకా రెండు బారల దూరముంది. గద్దకు ఆ లెక్క పట్టలేదు. రివ్వున వచ్చి గిన్నె మీద ఠంగుమని తన్నింది. మాస్టారు వెళ్లి బట్టల తొట్టిలో కూర్చున్నారు.

"మాస్టారూ! గుడ్లు పొదుగుతున్న పక్షిని కర్రతో కొడతారా? మనిషేనా మీరు?" పక్కింటి డాబా మీంచి రిటైరైన నర్సమ్మ అరిచింది.

"మీ గద్ద దొంగ!"

"నా గద్దేంటండీ? అయినా దొంగ అంటున్నారు, రుజువేది?"

తన మాట తన మీదికే వచ్చేసరికి మాస్టారు నెత్తిన గిన్నె సర్దుకున్నారు. నర్సమ్మ విసురుగా లోపలికి వెళ్లి స్కూలుకు ఫోను చేసింది.

పదకొండింటికి ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో లాయరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"పేపరు తెచ్చారా?"

"లేదు. గద్ద ఎత్తుకెళ్లింది."

లాయరు మీదేసుకున్న కాలు దించాడు.

"ఇంకోసారి చెప్పండి" అన్నాడు లాయరు, చెవి దగ్గరికి తెచ్చి.

"గద్దండీ! పెద్దది! గోధుమరంగుది!"

"ఓహో. రుజువేది?"

మాస్టారు జేబులోంచి బట్టల క్లిప్పు తీసి బల్ల మీద పెట్టారు.

లాయరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "మేడమ్, పేపరు మాయం చేసి క్లిప్పు చూపిస్తున్నారు. ఇంతకంటే ఏం కావాలి నాకు?"

"ముప్ఫయ్యేళ్లలో నేనొక్క అబద్ధం ఆడలేదు!" మాస్టారు బల్ల గుద్దారు.

"ఉండండి" అంది ప్రిన్సిపాల్. "మీరు గద్దని కొట్టారని ఇందాకే మీ పక్కింటావిడ ఫోను చేసింది. గూడుని రోజూ కెమెరాతో చూస్తుందట. పదండి, అక్కడే తేల్చుకుందాం."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. అందరికంటే ముందు నడిచారు. నర్సమ్మ ఇంటి మెట్లు సగం ఎక్కాక కాళ్లు ఆగిపోయాయి. గద్ద కాగితాలెత్తుకెళ్తుందని రుజువైతే తన పరువు దక్కుతుంది. గద్ద కాగితాలెత్తుకెళ్తుందని రుజువైతే నాలుగువందల పదిహేడు ఏమవుతుంది?

"ఎక్కండి మాస్టారూ, ఆయాసమా?" అన్నాడు వెనకనుంచి లాయరు.

నర్సమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ముందు గద్దకి సారీ చెప్పమనండి."

మాస్టారు పళ్లు నూరుతూ చెట్టువైపు తిరిగి చెప్పారు. అప్పుడామె కళ్లద్దాలు పెట్టుకుని, ఆసుపత్రిలో జ్వరం రాసినట్టు తారీఖు, టైము వేసి రాసుకున్న నోటుపుస్తకం తెరిచింది.

"ఇవాళ తొమ్మిదీ ఇరవై. తడి కాగితం, ఎర్ర సిరా."

"విన్నారా!" అని మాస్టారు గంతేశారు.

"పోయిన నెల పదకొండు, సాయంత్రం నాలుగూ పది. గ్రాఫు కాగితం, పెన్సిలు గీతలు." ఆమె కెమెరా తెర వాళ్లవైపు తిప్పింది. గూట్లో గద్ద పొట్ట పక్కన రెండు కాగితాలూ ఒకదాని మీదొకటి పరిచి ఉన్నాయి. పై దాని మీద మాస్టారి చేతిరాత స్పష్టంగా ఉంది. ముప్ఫైఆరు, మైనస్ రెండు, ముప్ఫైనాలుగు.

"ఈ మైనస్ రెండు ఏంటి మాస్టారూ?" లాయరు నెమ్మదిగా అడిగాడు.

స్టాఫ్‌రూములో ఈ గద్ద సాకు చదివిన శుక్రవారం అందరికంటే గట్టిగా నవ్విన ప్రిన్సిపాల్ చెట్టువైపు చూస్తూ నిలబడింది.

"గద్ద పేరు చెప్పినందుకు కోసినవి" అన్నారు మాస్టారు.

"మా అమ్మాయి మూడు రోజులు అన్నం మానేసిందండీ. నాన్నా, నువ్వైనా నమ్ము అంది. నేనూ నమ్మలేదు." లాయరు గొంతులో ఇప్పుడు కోర్టు లేదు. "ఎవరికీ రాయను. మీరే రేపు క్లాసులో నిలబడి, ఆ పిల్ల చెప్పింది నిజమని చెప్పండి. చాలు."

"చెప్తాను. మార్కులు రెండూ వేసేస్తాను. పాసే" అన్నారు మాస్టారు.

సాయంత్రం ఆయన డాబా మీద కూర్చుని నాలుగువందల పదిహేడును కొట్టేశారు. మిగతా నాలుగువందల పదహారు వైపు చాలాసేపు చూసి, రిజిస్టరును పిట్టగోడ మీద తెరిచిపెట్టి దూరంగా జరిగారు. పట్టుకుపొమ్మన్నట్టు చెయ్యి కూడా ఊపారు. గద్ద వచ్చి వాలింది. రిజిస్టరును ఒక కంటితో చూసింది. దాన్ని వదిలేసి, తీగ మీదున్న మాస్టారి కొత్త బనీను ఎత్తుకుని వెళ్లిపోయింది.

"ఏమండీ, బనీను ఏమైంది?" మెట్ల మీంచి భార్య అడిగింది.

మాస్టారు జరిగింది చెప్పారు.

"రుజువేది?" అంది ఆవిడ.

మాస్టారు క్లిప్పు చూపించారు.