ఒక్క పూట మామూలు మనిషి

ఆ ఉదయం మోటార్ల మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే. పెందలాడే గడ్డం గీసుకోవాలి, గ్రీజు మరకలేని చొక్కా ఒకటి వెతికి తొడుక్కోవాలి, కూతుర్ని చూడటానికి వచ్చే అబ్బాయి తల్లిదండ్రులతో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడాలి. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు ఊఁ అంటే చాలు. గడ్డం సగంలో ఉండగా పక్కగదిలో కూతురు ఫోన్లో ఆ అబ్బాయితో అంటున్న మాట చెవిన పడింది.

"మా నాన్న కొంచెం క్వర్కీ. మీ అమ్మకి ముందే చెప్పు."

మొహాన నురగతోనే పెరటి గోడ దగ్గరికి పోయి, ఆ మాటకు అర్థమేమిటని పక్కింటి ట్యూషన్ మాస్టారిని అడిగాడు.

"క్వర్కీ అంటే వింత వింతగా ప్రవర్తించేవాడని. కాకపోతే అది తిట్టు కాదు, ముచ్చటపడి..."

ఆయన మాట పూర్తికాకుండానే మెకానిక్ వెనుదిరిగాడు. చదువుకున్నవాళ్లు తిట్టి కూడా తిట్టలేదనే అంటారు. తన వింతేమిటో తనకు తెలుసు. ఏ యంత్రం మూలిగినా చెవి ఆనించి, పసిపిల్లను అడిగినట్టు అడుగుతాడు. ఈ పూటకు అది బంద్. తన మూలంగా కూతురి పెళ్లి చెడకూడదు.

వచ్చినవాళ్ల ముందు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"తీరిక దొరికితే ఏం చేస్తుంటారు అన్నయ్యగారూ?" అంది అబ్బాయి తల్లి.

"మామూలుగా ఉంటానండి."

"ఇష్టాలవీ?"

"మామూలువే."

"రెండ్రోజుల్నించి జ్వరమండీ," అని మెకానిక్ భార్య సర్దబోయింది. అబ్బాయి తల్లి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టినప్పటినుంచీ నోరు విప్పలేదు.

అంతలో వంటింట్లో ఫ్రిజ్ మూలిగింది. మెకానిక్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అది మళ్లీ మూలిగింది. పళ్లు బిగించాడు, మొహం జేవురించింది. చూసేవాళ్లకు అది చిరాకులా ఉంది.

"మీకూ మాకూ కుదిరేలా లేదండీ," అంటూ అబ్బాయి తల్లి లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్నా! ఏదో ఒకటి మాట్లాడు!"

మాట్లాడాడు, ఫ్రిజ్‌తో. ఒక్క ఉదుటున వంటింట్లోకి పోయి, దాని పొట్టకు చెవి ఆనించి, "ఏమ్మా, ఎక్కడే నొప్పి?" అన్నాడు. అన్నాక గానీ కొంప ముంచానని తెలిసిరాలేదు.

వెనకాల అడుగుల చప్పుడైంది. డ్రైవరు వచ్చి పక్కన నిలబడ్డాడు. "నొప్పి కాదండీ, ఎత్తు ఎక్కుతోంది పాపం. గేరు మార్చాలి," అంటూ లేని క్లచ్చు తొక్కాడు.

అబ్బాయి తల్లి తల పట్టుకుంది. "నోరెత్తొద్దని దారంతా చెప్పుకుంటూ వచ్చానే! ఈయనకి మిక్సీ కూడా బస్సేనండీ." బ్యాగు కింద పెట్టింది. "మీరు క్వర్కీ అని మావాడు చెప్పబట్టే కదా, ధైర్యం చేసి వచ్చాం! తీరా చూస్తే బొమ్మలా కూర్చున్నారు. ఇంత మామూలు మనుషులు ఈయన్ని భరిస్తారా అని హడలిపోయి లేచాను."

"తిట్టాననుకున్నావా నాన్నా?" కూతురు ఏడుస్తూనే నవ్వింది. "అందరి నాన్నల్లాంటోడివి కావని గొప్పలు పోయాను."

మెకానిక్ కళ్లు తుడుచుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "బావగారూ, ఆ వెనక మూత పట్టుకోండి."

"పట్టుకున్నా బావగారూ, మీరు బ్రేకు వదలండి."

కాఫీలు పూర్తయ్యేసరికి సంబంధం కుదిరింది. ఫ్రిజ్ మాత్రం మళ్లీ పలకలేదు.