ఆకాశంలో మల్లమ్మ పులుసు

ఒక పెద్ద అడవిలో కాళ్ళు బాగానే ఉన్నవాళ్ళు కూడా నడవడం మానేశారు. తూర్పు గుట్ట నుంచి పడమటి గుట్టకు నడిస్తే ఒక పూట. కానీ నడిచి వచ్చానంటే పెళ్ళిచూపుల్లో మర్యాద దక్కడం లేదు.

అందుకని నలభై కొంగలు తాళ్ళతో మోసే వెదురు బుట్ట ఒకటి తయారైంది. దాన్ని నడిపే సంస్థకు ఛైర్మన్ రాబందు బోడెయ్య. తనకు రెక్కలున్నాయి కనక అందులో ఎప్పుడూ ఎక్కలేదు.

బుట్టలో ముందు మూడు సీట్లు, తర్వాత టేకాకుల తెర. తెరకు ముందున్నది బిజినెస్ క్లాసు. అందులో కూర్చున్నవాళ్ళకు భోజనం, ఇప్పసారా. తెర వెనక గాడిదలకీ మేకలకీ చింతగింజలు, చెంబుడు నీళ్ళు.

వంటా, సారా కాయడం ఎలుగుబంటి మల్లమ్మ పని. పన్నెండేళ్ళ నుంచీ అదే బతుకుతెరువు. మబ్బుల ఎత్తుకు వెళితే నాలుక మొద్దుబారుతుందని, ముక్కు సగం పనిచేయదని ఆమె ఒక్కతే కనిపెట్టింది. అందుకే రోజూ బుట్ట ఎక్కి, పైన రుచి చూసి, పుట్టగొడుగుల పులుసులో చింతపండు, మిరియాలు, ఉప్పు దండిగా వేసేది. సారా కూడా ఘాటుగా కాచేది. నేల మీద తింటే కళ్ళు తిరిగేవి. పైన సరిగ్గా సరిపోయేది.

ఇలా ఉండగా బోడెయ్యకు సింహం గారి కొలువు ఇచ్చే 'ఉత్తమ గగన భోజనం' పతకం మీద మనసు పడింది. వెంటనే పునుగుపిల్లి సుగంధరావును సలహాదారుగా పెట్టాడు. సుగంధరావు పక్క అడవిలో ఆరు నెలలు ఉండి వచ్చాడు. అక్కడ ఏం చేశాడని ఎవరూ అడగలేదు. కళ్ళు మూసుకుని మాట్లాడతాడు, అది చాలనుకున్నారు.

గుట్ట కింద రుచుల పరీక్ష పెట్టారు. రోజూ ముందు సీట్లో తిరిగే కాంట్రాక్టరు, అడవిపంది వరహాలరావు కూడా వచ్చాడు. మల్లమ్మ పులుసు ఒక్క గుక్క తాగి పది నిమిషాలు దగ్గాడు.

"మొరటు," అన్నాడు సుగంధరావు.

"అయ్యా, ఇది పైన తినే పులుసు. పైకెక్కి చూడండి," అంది మల్లమ్మ.

"రుచికి పైనా కిందా ఉండవమ్మా."

తర్వాత అతను నత్తగుల్లలో తన సారా పోసి, గిరగిర తిప్పి, ముక్కు దూర్చాడు. "మొదట తడిసిన మట్టి. తర్వాత లేత గడ్డి. చివర్న కొంచెం దిగులు."

"దిగులు నాకు తగల్లేదండీ," అన్నాడు వరహాలరావు.

"ఇంకో గుల్ల తాగండి."

నాలుగో గుల్లకు వరహాలరావు ఏడ్చాడు. పరీక్ష అయిపోయింది.

"రేపు కొలువు నుంచి పరీక్షాధికారి వస్తున్నారు," అన్నాడు బోడెయ్య మల్లమ్మతో. "ముందు భాగానికి సుగంధరావు వడ్డిస్తాడు. నువ్వు వెనక చింతగింజలు పంచు. ప్రయాణం బాగా జరిగితే వంటశాల అతనిదే. నువ్వు వెళ్ళిపోవచ్చు."

"బాగా జరక్కపోతే?"

"చూద్దాంలే," అన్నాడు బోడెయ్య, చూసే ఉద్దేశం లేని గొంతుతో.

మర్నాడు బుట్ట లేచింది. ముందు వరహాలరావు, పరీక్షాధికారి ముళ్ళపంది, సుగంధరావు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు పెద్ద ఆకు, దాని మీద మూడు పుట్టగొడుగు ముక్కలు, ఒక మంచు బొట్టు.

"ఎలా ఉంది?" అన్నాడు సుగంధరావు.

ముళ్ళపందికి గడ్డి నమిలినట్టుంది. "సున్నితం," అంది.

వరహాలరావుకు అదీ లేదు. "చాలా సున్నితం. అసలు ఉన్నట్టే లేదు."

తెర వెనక జుర్రుమని చప్పుడైంది. తన ఆఖరి కుండ వృథా ఎందుకని మల్లమ్మ వెనకవాళ్ళకు పులుసు పోస్తోంది. పనిచేయని ముక్కులను కూడా తట్టి లేపే వాసన.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి. అలా వెనక్కి నడిచొస్తా," అని వరహాలరావు లేచాడు.

"వెనక శుభ్రత కూడా చూడాలి కదా," అని ముళ్ళపంది వెళ్ళింది.

వాళ్ళను పిలుచుకురావడానికి సుగంధరావు వెళ్ళాడు. రెండు దొప్పలు తాగాక కూడా ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

బుట్ట వెనక్కి ఒరిగింది. "ఎవరైనా ముందుకు పొండర్రా! తిరగబడిపోతోంది!" అని పెద్ద కొంగ అరిచింది.

"గాడిదను పంపండి," అన్నాడు వరహాలరావు, నోరు నిండుగా.

గాడిద, ఆరు మేకలు వెళ్ళి బిజినెస్ క్లాసులో కూర్చుంటే గానీ బుట్ట కుదుటపడలేదు. మేకలు మొదట పుట్టగొడుగులు తిన్నాయి. తర్వాత ఆకులు. తర్వాత తెర.

దిగాక బోడెయ్య ఆత్రంగా వచ్చి ముందు సీట్లు చూశాడు. "ఆకులతో సహా తినేశారే!"

పతకం వచ్చింది. వెనక పులుసు తాగానని రాయడం పరీక్షాధికారికి మర్యాద కాదు కదా.

మల్లమ్మ మీద మాత్రం విచారణ జరిగింది. గౌరవనీయులైన ప్రయాణికులను సీట్లోంచి లేచేలా వండి, బుట్టకు ప్రమాదం తెచ్చిందని నేరం. వరహాలరావు తేన్పుతూ సాక్ష్యం చెప్పాడు. ఆమెను తీసేశారు.

మల్లమ్మ కుండలు సర్దుకుని, బుట్ట లేచే చోటుకు కూతవేటు దూరంలో పొయ్యి పెట్టుకుంది. నేల మీద తినే పులుసు కనక చింతపండు సగం తగ్గించింది. సారా పలచన చేసింది.

బుట్ట కోసం వచ్చినవాళ్ళు అక్కడ ఆగారు. తిన్నారు, తాగారు, కునుకు తీశారు.

"బుట్ట లేస్తోంది, మీరు రారా?" అని కొంగ కేకేసింది.

"ఎక్కి ఏం చెయ్యాలి? అవతల మాకేం పనుంది?" అన్నాడు వరహాలరావు.

వారం తిరిగేసరికి కొంగలు కూడా తాళ్ళు వదిలి మల్లమ్మ దగ్గర చేరాయి. నేల మీద నిలబడిపోయిన బుట్టలో బోడెయ్య, సుగంధరావు ఎదురెదురుగా కూర్చుని ఆకులు ముందు పెట్టుకున్నారు.

"అద్భుతం," అన్నాడు సుగంధరావు.

"నాకూ అలాగే ఉంది," అన్నాడు బోడెయ్య.

పులుసు వాసన వచ్చింది. ఇద్దరూ కాసేపు ఆకుల వంక చూశారు.

"సార్, పోటీ సంస్థను ఒకసారి తనిఖీ చేసొద్దామా?"

"దొప్ప తెచ్చుకో," అన్నాడు బోడెయ్య.

మల్లమ్మ వాళ్ళను చూసి గరిటె ఆపలేదు. "ఛైర్మన్ గారూ, వరస అటు. గాడిద తర్వాత మీరే."

నీతి: మంచి భోజనం కావాలనుకునే సంస్థ ముందుగా వంటావిడను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి.