అత్తగారి పాటకు పచ్చ కడ్డీ

ఆ శనివారం పొద్దున ఎలీనా వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పదకొండింటికి హాల్లో కూర్చుని, కాసేపు మిక్సీ తిప్పి, రెండు ముక్కలు మాట్లాడి, క్లయింటు చేత సరే అనిపించుకోవాలి. సీతాఫల్‌మండిలో గోడకి గోడ అంటుకున్న ఇళ్ల మధ్య ఉంటూ నిశ్శబ్దాన్ని నమ్ముకుని ప్లాన్ వెయ్యడం తెలివైన పని కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు తెలివైన వాళ్లని ఎవరన్నారు, జీతాలు చూసి మనం అనుకోవడమే.

ఆమె రాసిన ప్రోగ్రాం ఫోనులో చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. మనిషి గొంతు వినపడితే లేచి పని చెయ్యాలి, ఇంకే మోత వినపడినా పడుకోవాలి. పాత ప్రోగ్రాం కుక్కర్ విజిలుకీ లేచేది, ఆటో హారనుకీ లేచేది. ఫోను మధ్యాహ్నానికే చచ్చేది. బ్యాటరీ అలిసిపోతోందని కంపెనీ పెద్దలు తెగ బాధపడ్డారు. ఆ బ్యాటరీ కోసం నెలల తరబడి నిద్ర మానుకున్న పిల్ల అలిసిపోయిందా అని ఒక్కడూ అడగలేదు. పైగా మేనేజర్ హేమచంద్ర ముందే చెప్పేశాడు: ఇవాళ క్లయింటుకి నచ్చకపోతే పాత కోడే ఉంటుంది, ఎలీనా వేరేవాళ్ల తప్పులు వెతికే టీములోకి పోతుంది.

చూపించడానికి ఒక బొమ్మ తయారు చేసుకుంది. కోడ్‌లో ఒక్కో ముక్కకి ఒక్కో నిలువు కడ్డీ. ప్రాసెసర్ దగ్గర ఆ ముక్క ఎంత కరెంటు తాగితే కడ్డీ అంత పైకి లేస్తుంది. కొంచెం తాగితే పచ్చ, విపరీతంగా తాగితే ఎరుపు. ముందురోజే ల్యాప్‌టాప్ తెర పగిలింది, దాంతో కెమెరా కూడా పోయింది. అందుకని బొమ్మని హాల్లో టీవీకి తగిలించింది; క్లయింటుకి తన తెర మీద ఇవే కడ్డీలు కనపడతాయి, మోత వినపడుతుంది, ఇల్లు మాత్రం కనపడదు. మిక్సీ తిప్పింది. కడ్డీలన్నీ పచ్చగా నేలకి అతుక్కుని పడుకున్నాయి. హలో అంది. ఎర్రగా లేచాయి. నోరు మూసింది. మళ్లీ పడుకున్నాయి. ఆమె ప్రాణం కుదుటపడింది.

అప్పుడు బెల్లు మోగింది.

అత్తగారు దేవకృప రిటైరైన టీచరు, చర్చి క్వయర్‌కి పెద్ద దిక్కు. చర్చి హాలుకి రంగులు వేస్తున్నారు కాబట్టి వార్షికోత్సవం పాటల ప్రాక్టీసు తమ ఇంట్లో పెట్టుకుందామని ఆవిడ అందరికీ చెప్పింది, కోడలికి తప్ప. తలుపు తీసేసరికి క్వయర్ ఆడవాళ్లంతా వందనాలు చెబుతూ లోపలికొచ్చారు. అందరికన్నా ముందు బోయిగూడ రోసమ్మ.

ఒక్క అరగంట మాట్లాడకుండా కూర్చోమని ఎలీనా బతిమాలింది. మంచివాళ్లు, సరేనన్నారు. కానీ క్వయర్ ఆడవాళ్లని అరగంట నోరు మూసుకోమనడం దేవుడు కూడా అడగని కోరిక. టీవీలో అదేంటని రోసమ్మ పక్కావిడని గుసగుసగా అడిగింది. కడ్డీలు ఎర్రగా లేచాయి. రోసమ్మ హడలిపోయి నోరు మూసింది. పడుకున్నాయి. మళ్లీ మాట్లాడి చూసింది. మళ్లీ లేచాయి.

వైర్లు సర్దుకుంటున్న ఎలీనా తల తిప్పకుండానే అంది. "ఎర్రగా వస్తే మంచిది కాదు ఆంటీ. పచ్చగా ఉండాలి."

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది.

ఎందుకంటే ఆ క్వయర్‌లో వార్షికోత్సవం సోలో ఎవరు పాడాలన్నది ఏటా తేలని పంచాయితీ. నువ్వు పాడక్కా అని ఒకరు, నాదేముంది నువ్వే పాడు అని ఇంకొకరు. ఎదుటివాళ్ల గొంతు బాగాలేదని ఎవరూ అనరు, తన గొంతు బాగుందనీ అనరు, ఆశ మాత్రం అందరికీ ఉంటుంది. ఈ మర్యాదల్లోనే సగం ప్రాక్టీసు తెల్లారిపోయేది. ఇన్నాళ్లకి మొహమాటం లేకుండా ముఖం మీద చెప్పే మిషన్ ఒకటి దొరికింది.

మూల కుర్చీలోంచి మామగారు జకర్యా తీర్పు చెప్పేశారు. ఆయన రైల్వేలో గార్డుగా చేశారు. ఎరుపు, పచ్చ విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకి అప్పీలు లేదు. "జీవితమంతా ఈ రెండు రంగులే చూశాను. పచ్చ పడినవాళ్లకి లైను క్లియర్. వాళ్లే పాడతారు."

ఒక్కొక్కరే ఒక్కో చరణం అందుకున్నారు. కాంతమణికి ఎరుపు. ఆవిడ పక్కనున్నావిడకీ ఎరుపు. రోసమ్మ గొంతు నిజంగా బాగుంటుంది, ఆమెకి చిక్కటి ఎరుపు. చివరికి దేవకృప గొంతు సవరించుకుని ఎత్తుకుంది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. కడ్డీలు మాత్రం కదల్లేదు. పచ్చగా, బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

ఎలీనా గిర్రున తిరిగి టీవీ వైపు చూసింది. ఆమెకి విషయం అర్థమైపోయింది. ప్రోగ్రాం అత్తగారి పాటని మనిషి గొంతు కింద లెక్క వెయ్యలేదు. మిక్సీ పద్దులో వేసేసింది.

రోసమ్మ ఊరుకోలేదు. "ఏందమ్మా గిది. కోడలు మిషన్ పెడితే అత్తకే పచ్చ పడతదా? జెర మల్ల పెట్టు, నేను ఇంకోపారి పాడుత."

సరిగ్గా అప్పుడే ఫోన్లో క్లయింటు, హేమచంద్ర కలిశారు. రోసమ్మ పాడుతోంది, కాంతమణి వాదిస్తోంది, మిగతావాళ్లు వాదించొద్దని అరుస్తున్నారు. టీవీ నిండా ఎరుపు. ఎలీనా రెండు చేతులూ జోడించింది. జోడించిన చేతులు చూసి ప్రార్థన అనుకుని ఒకావిడ గట్టిగా ఆమెన్ అంది. ఇంకా ఎరుపు. అది ఇల్లా, మోండా మార్కెట్టా అని హేమచంద్ర మెసేజ్ పెట్టాడు. ఇది కూడా పాతదానిలాగే ఎప్పుడూ మేలుకునే ఉంటుందేమో అని క్లయింటు పెదవి విరిచాడు. ఎలీనా పరుగెత్తి మిక్సీ నొక్కింది. అన్ని గొంతుల కింద అది తిరుగుతున్నట్టే వినపడలేదు.

ఆ గొంతులన్నిటినీ ముంచేసే మోత ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"అత్తయ్యా, పాడండి. గట్టిగా పాడండి. ఆపొద్దు."

ఎలీనా కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది, కోడలి నోట ఆ మాట దేవకృప ఎన్నడూ వినలేదు. ఆమె కళ్లు చెమర్చాయి. ఊపిరి నిండా పీల్చి ఎత్తుకుంది. రోసమ్మ మునిగింది, కాంతమణి మునిగింది, వీధిలో కూరగాయల బండి మైకూ మునిగింది. కడ్డీలు ఒక్కొక్కటే దిగి, పచ్చబడి, నేలకి అతుక్కుని నిద్రపోయాయి.

అవతల క్లయింటు పొగడ్త మొదలుపెట్టాడు. మనుషులు మాట్లాడినంతసేపూ లేచింది, అంత భయంకరమైన మోతకి మాత్రం కన్ను తెరవలేదు, కొత్త కోడే పెట్టుకుంటామన్నాడు. ఇంతకీ ఆ చివర మోగే మిషన్ ఏంటి, డ్రిల్లింగా అని అడిగాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి దేవకృప ఇంకా పాడుతూనే ఉంది. ఆమెకి వినపడలేదు.

"ఇంట్లో పాతది సార్," అంది ఎలీనా. "గట్టిది. ఇంతవరకు ఒక్కసారి కూడా రిపేరుకి రాలేదు."

పక్కనే ఉన్న రోసమ్మ అంతా విన్నది. ఫోను పెట్టెయ్యగానే ఎలీనాని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. ఎలీనా దాచలేదు. పచ్చ అంటే బాగా పాడినట్టు కాదని, అసలు మనిషి పాడినట్టే కాదని చెప్పేసింది. సోలో న్యాయంగా మీదే ఆంటీ, నేనే అత్తయ్యకి నిజం చెప్తానంది.

హాల్లో దేవకృప అందరికీ టీ పోస్తోంది. ముఖం వెలిగిపోతోంది. రోసమ్మ గుమ్మంలోంచి ఆ ముఖం కాసేపు చూసింది.

"ఊకో బిడ్డా. ఆమె గొంతు గట్లుంటదని మాకు నీ పెండ్లికి ముందు సంది ఎరుకే, నీ మిషన్‌కి గియ్యాల తెలిసింది. నేను దవాఖానల పడ్డప్పుడు రోజూ నా పక్కన కూసొని గదే గొంతుతోని పాడింది. గప్పుడు నేనేమన్న మిషన్ పెట్టి సూసిన్నా? పాడనియ్యి."

పోయి, క్వయర్ అందరి ముందూ మిషన్ చెప్పిందే ఖాయమని తేల్చేసింది.

వార్షికోత్సవం నాడు దేవకృప కొత్త చీర కట్టుకుని మైకు ముందు నిలబడి అన్ని చరణాలూ పాడింది. ఆ పాట అయ్యేదాకా చర్చిలో కునుకు తీసింది ఎలీనా ఫోనొక్కటే.